తీగ పోని మూడు గదులు: ఇంటి నెట్‌వర్క్ పని డైరీ

రోజు 1: కొలతలు

ఇంటర్నెట్ లైను ముందు హాల్లోకి వస్తుంది. మోడెమ్, రౌటర్ రెండూ టీవీ కింద బల్ల మీదే. లైను 500 ఎంబీపీఎస్, హాల్లో మొత్తం అందుతోంది. పేచీ మూడు గదులతో. మేడమీద వెనక గది ఒకటి. కింద మూల గది రెండోది, దానికీ హాలుకీ మధ్య బాత్రూమ్ అడ్డం. ఇంటి వెనక ఖాళీ జాగా దాటాక ఉన్న షెడ్డు మూడోది.

సామాను సంగతి తర్వాత, ముందు కొలతలు. రౌటర్‌కి తీగతో తగిలించిన ల్యాప్‌టాప్‌లో ఐపెర్ఫ్3 (ఇంటి నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్) సర్వర్ నడిపి, ఇంకో ల్యాప్‌టాప్ పట్టుకుని గది గదికీ తిరగడం. ఈ పనికి మామూలు స్పీడ్ టెస్ట్ సైట్లు పనికిరావు. అందులో బయటి లైను, అవతలి సర్వర్ కూడా కలిసిపోతాయి, తప్పు ఇంట్లోదో బయటదో తేలదు. ఒక్కోచోట రౌటర్ నుంచి ఇటు 60 సెకన్లు, ఇటునుంచి రౌటర్‌కి 60 సెకన్లు. రెండో దిక్కు చాలామంది చూడరు. రౌటర్ గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. ఫోన్‌లో కనిపించే గీతలు రౌటర్ మాట ఇక్కడికి ఎంత వినిపిస్తోందో చెబుతాయి గానీ, మన మాట అక్కడికి వెళ్తోందో లేదో చెప్పవు.

డీబీఎం అంటే సిగ్నల్ బలం, సున్నాకి దగ్గరైన కొద్దీ మెరుగు. 5, 2.4 గిగాహెర్ట్జ్ అనేవి వైఫై నడిచే రెండు బ్యాండ్లు. వేగాలన్నీ ఎంబీపీఎస్‌లో.

హాలు: 5 గిగాహెర్ట్జ్‌లో -42 డీబీఎం, 600 పైనే.
మేడ గది: -81 డీబీఎం, రావడం 18, పోవడం 6.
మూల గది: -76 డీబీఎం, రావడం 45, పోవడం 20.
షెడ్డు: 5 గిగాహెర్ట్జ్ అసలు అందదు. 2.4లో -84, నిమిషానికోసారి తెగుతోంది.

వీడియో కాల్ నిలకడగా నడవాలంటే -67 డీబీఎం గానీ అంతకంటే మెరుగ్గా గానీ ఉండాలనేది వాడుకలో ఉన్న లెక్క. ప్రతి 3 డీబీకి సిగ్నల్ శక్తి సగమవుతుంది. అంటే -67కీ -81కీ తేడా 14 డీబీ, దాదాపు 25 రెట్లు.

మేడ గది ఇంత చచ్చుగా ఉండటానికి కారణం స్లాబు కాదు, స్లాబుని దాటే కోణం. 12 సెంటీమీటర్ల స్లాబుని నిట్టనిలువుగా దాటితే 12 సెంటీమీటర్ల కాంక్రీటే. నిలువు నుంచి 60 డిగ్రీలు వాలి దాటితే 24. పైగా లోపల ఇనుప చువ్వల వల. మూల గదికి అడ్డం బాత్రూమ్: టైల్స్, నీళ్ల పైపులు, గోడకి నిలువుటద్దం. అద్దం వెనక లోహపు పూత ఉంటుంది, అది తరంగాల్ని తిప్పికొడుతుంది.

ఇంకా పెద్ద రౌటర్ కొనే ఆలోచన ఇక్కడే ఆగిపోయింది. రౌటర్ ఎంత పెద్దదైనా ఫోన్ గొంతు పెరగదు. మెష్ డబ్బా (వైఫైని అందుకుని ముందుకి పంపేది) తెచ్చి సిగ్నల్ లేని గదిలోనే పెట్టడమూ అంతే, ఎండిన బావిలో ఇంకో చేద వేసినట్టు. సగం దారిలో పెడితే కొంత నయం. కానీ అటు వినడానికీ ఇటు చెప్పడానికీ ఒకే రేడియో అయితే వేగం సుమారు సగానికి పడుతుంది.

"ఆ గదికి తీగ పోదు" అన్న మాట దాదాపు ఎప్పుడూ పూర్తిగా నిజం కాదు. దారిలో ఏదో ఒక ముక్క మాత్రమే కష్టం. ఆ ముక్క ఎక్కడో పట్టుకుని, దానికి మాత్రం వేరే ఉపాయం చూడాలి.

రోజు 2: దారులు వెతకడం

మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని స్విచ్ బోర్డులు విప్పాం. గోడలో కరెంటు పైపులు ఉన్నాయి గానీ వాటి జోలికి పోలేదు. కరెంటు వైర్లున్న పైపులో నెట్‌వర్క్ కేబుల్ దూర్చకూడదు. ఇన్సులేషన్ ఒక్కచోట గీసుకుపోయినా మెయిన్ వోల్టేజీ నేరుగా ల్యాప్‌టాప్ దాకా వస్తుంది. టెలిఫోన్ పైపు, టీవీ పైపు విడిగా ఉంటే అవే పనికొస్తాయి.

టెలిఫోన్ పైపు హాలు నుంచి మేడ మీదికి వెళ్తుంది. పైపులో కేబుల్ లాగే స్ప్రింగ్ వేస్తే 4 మీటర్లు దాటాక ఆగింది. రెండో వైపు నుంచి వేసినా అదే చోట అడ్డం. పైపు వంపు దగ్గర నలిగి సిమెంటు దిగినట్టుంది. అలాంటప్పుడు బలం పెడితే స్ప్రింగ్ లోపలే ఇరుక్కుంటుంది, తర్వాత ఆ పైపు దేనికీ పనికిరాదు. వదిలేశాం.

చేతికొచ్చినవి మూడు. మూల గదిలో వాడకుండా పడున్న పాత టీవీ కోయాక్స్, రెండో కొస హాల్లోనే తేలింది. మేడ గది బయట గోడని ఆనుకుని నీళ్ల పైపులు దిగే షాఫ్టు. షెడ్డుకైతే మట్టి నేల, తవ్వుకోవచ్చు.

రోజు 3: పవర్‌లైన్ పరీక్ష

గోడలేవీ తవ్వకుండా కరెంటు వైర్ల మీదే డేటా పంపే అడాప్టర్ల జత అరువు తెచ్చి చూశాం. డబ్బా మీద 1000 అని ఉంటుంది. అది వైరు మీది ముడి వేగం, రెండు దిక్కులదీ కలిపిన లెక్క. చేతికి అందేది వేరు.

ముందు రెండు అడాప్టర్లనీ ఒకే బోర్డులో పక్కపక్కన పెట్టి కొలిస్తే 280. ఈ జత ఇవ్వగలిగిన గరిష్ఠం ఇదీ అని ముందే తెలుసుకుంటే తర్వాతి అంకెలకి అర్థం ఉంటుంది. హాలు నుంచి మేడ గదికి 64. స్పైక్ బస్టర్‌లో గుచ్చితే 9. స్పైక్ బస్టర్ వోల్టేజీ పొంగుల్ని ఆపడంతో పాటు కరెంటులోని హై ఫ్రీక్వెన్సీ గోలని కూడా మింగేస్తుంది, అడాప్టర్ పంపేదీ దాని దృష్టిలో గోలే. కాబట్టి నేరుగా గోడ సాకెట్‌లోనే గుచ్చాలి. నాసిరకం ఫోన్ చార్జర్ ఒకటి అదే బోర్డులో పెట్టగానే 64 కాస్తా 31 అయింది. తీసేస్తే మళ్లీ 60 దాటింది.

షెడ్డులో లింకు లైటు వెలగనే లేదు. దాని ఫేజు వేరు. ఫేజు మారితే సిగ్నల్ వైరు నుంచి వైరుకి ఏదో కొంత పాకడమే తప్ప సరైన దారి ఉండదు.

అడాప్టర్లు తిరిగి ఇచ్చేశాం. అద్దె గదికైతే, గోడకి రంధ్రం పెట్టే వీల్లేని చోటైతే 64 కూడా మంచిదే, అదీ నిలకడగా ఉంటే. ఇక్కడ అంతకంటే మంచి దారులున్నాయి.

రోజు 4: మూల గది, కోయాక్స్ మీద మోకా

మోకా అంటే టీవీ కోయాక్స్ కేబుల్ మీద ఈథర్నెట్ నడిపే పద్ధతి. మోకా 2.5 రకం అడాప్టర్లు రెండు, హాల్లో ఒకటి, గదిలో ఒకటి. ఇది 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. డిష్ నుంచి సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మధ్య ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి డిష్ వాడుతున్న కేబుల్ మీద మోకా పెట్టకూడదు. ఈ కేబుల్‌కి పైన డిష్ లేదు, మేడ మీది కొస విడిగానే పడుంది.

గుచ్చితే కోయాక్స్ లైటు వెలగలేదు. కేబుల్ మధ్యలో ఎక్కడో ఏదో ఉంది. మీటర్‌తో చూస్తే మధ్య తీగకీ పై జాలీకీ షార్టు లేదు. బాత్రూమ్ బయట ఖాళీ ప్లేటు ఒకటి విప్పితే దొరికింది, నాలుగు దారుల పాత స్ప్లిటర్. రేకు మీద "5-1000 మెగాహెర్ట్జ్" అని అచ్చు. మోకా నడిచేది అంతకు పైన. నాలుగు దారులకి పంచే స్ప్లిటర్ మామూలుగానే 7 డీబీ చొప్పున తింటుంది, దాని పరిధి దాటాక ఎంత తింటుందో లెక్కే లేదు. ఇక్కడ కావాల్సింది రెండు కొసలే కాబట్టి స్ప్లిటర్ తీసేసి, రెండు కేబుళ్లనీ ఎఫ్ టైపు బ్యారెల్ జాయింటర్‌తో కలిపాం.

మూడో గది కూడా కావాలంటే 1675 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే స్ప్లిటర్ వేసి, వాడని ప్రతి దారికీ 75 ఓమ్‌ల టెర్మినేటర్ (చివర మూసే చిన్న మూత) బిగించాలి. వదిలేసిన దారి నుంచి సిగ్నల్ వెనక్కి తన్నుతుంది.

కనెక్టర్లు కూడా మార్చాం. చేత్తో తిప్పి బిగించే పాతవి పీకితే ఊడివచ్చాయి. కంప్రెషన్ కనెక్టర్ వేసే తీరు: మధ్య తీగ 6 మిల్లీమీటర్లు, దాని వెనక తెల్లని ఇన్సులేషన్ ఇంకో 6 మిల్లీమీటర్లు బయటపెట్టాలి. జాలీని కోయకుండా తొడుగు మీదికి వెనక్కి మడవాలి. తెల్ల ఇన్సులేషన్ కనెక్టర్ లోపలి అంచుకి సమానంగా వచ్చేదాకా నొక్కి టూల్‌తో బిగించాలి. జాలీ నుంచి వెంట్రుకంత తీగ ఒకటి మధ్య తీగకి తగిలినా లింకు రాదు, కాబట్టి బిగించే ముందు లోపలికి టార్చి వేసి చూడాలి.

ఇప్పుడు రెండు దిక్కులా 940. ల్యాప్‌టాప్ పోర్టే 1 గిగాబిట్, అంతకు మించి కనపడదు. పింగ్ (డేటా అవతలికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 3 నుంచి 4 మిల్లీసెకన్లు పెరిగింది, గేమ్ ఆడేవాళ్లకి కూడా తెలిసేంత కాదు. అడాప్టర్లలో పాస్‌వర్డ్ పెట్టాం. కేబుల్ టీవీ లైనుకి కలిసి ఉన్న కోయాక్స్ అయితే ఇంట్లోకి వచ్చే చోట మోకా ఫిల్టర్ కూడా తప్పనిసరి. లేకపోతే మన నెట్‌వర్క్ పక్కింటి దాకా పారుతుంది.

రోజు 5, 6: మేడ గదికి క్యాట్ 6

కొలత టేపుతో దారి 31 మీటర్లు. రెండు కొసల్లో చెరో 2 మీటర్లు వదులు. ఎండ తగిలే షాఫ్టు కనక నల్లటి పాలిథీన్ తొడుగున్న అవుట్‌డోర్ క్యాట్ 6 (నాలుగు జంట తీగల నెట్‌వర్క్ కేబుల్), 23 గేజి మందం, గట్టి తీగ, పూర్తి రాగి.

పూర్తి రాగి అని విడిగా చెప్పడానికి కారణం ఉంది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన కేబుల్ కూడా అదే రంగుల్లో, అదే అచ్చుతో దొరుకుతుంది. బ్లేడుతో తీగని గీకితే లోపల తెల్లగా మెరిస్తే అదే. ఇంకా నమ్మకమైన పరీక్ష మీటరు: ఒక కొసలో జంట తీగల్ని కలిపి మెలేసి, రెండో కొసలో నిరోధం చూడాలి. 23 గేజి రాగి ఒక తీగ 100 మీటర్లకి సుమారు 6.7 ఓమ్‌లు. మన 35 మీటర్ల ముక్కలో పోనూ రానూ కలిపి 4.7 దగ్గర రావాలి. మీటరు ప్రోబుల నిరోధం తీసేసి చూస్తే 4.8 వచ్చింది. 7 దాటితే అనుమానించాల్సిందే. పూత కేబుల్ చిన్న దూరానికి డేటా మోస్తుంది కానీ, దాని మీదే కరెంటు కూడా పంపే పీఓఈకి వేడెక్కుతుంది. జాక్ గాడిలోకి నొక్కి పంచ్ చేసేటప్పుడు పుటుక్కున తెగుతుంది కూడా.

రంధ్రం లోపలి నుంచి 6 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి 16కి పెంచాం. బయటి వైపు కాస్త కిందికి వాలేలా వేయాలి, లేకపోతే వాన నీరు కేబుల్ పట్టుకుని గదిలోకి నడిచొస్తుంది. రంధ్రంలోకి దూరే ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పాం, చుక్కలు అక్కడే రాలిపోతాయి. సీలెంట్ మాత్రం చివర్న, పరీక్షలన్నీ అయ్యాకే.

షాఫ్టులో 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, 60 సెంటీమీటర్లకో క్లాంపు, మూలల్లో ఎల్బో బదులు పొడవు బెండ్లు. కేబుల్ వంపు వ్యాసార్థం దాని మందానికి నాలుగు రెట్లకి తగ్గకూడదు, ఇక్కడ 25 మిల్లీమీటర్లు అనుకోవచ్చు. లాగే బలం 110 న్యూటన్లకి, అంటే సుమారు 11 కిలోల బరువుకి మించకూడదు. ఒకరు పైన లాగుతుంటే ఒకరు కింద తోస్తూ వదలాలి. కట్ట నుంచి నేరుగా లాగితే మెలి పడుతుంది. ముందే నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో పరిచి వదిలితే ఆ గొడవ లేదు.

రెండు కొసలకీ కీస్టోన్ జాక్‌లు (గోడ ప్లేటులో కూర్చునే సాకెట్లు), టీ568బీ అనే తీగల రంగుల వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జంటల మెలిక 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదు. గట్టి తీగ కేబుల్‌కి నేరుగా ప్లగ్ క్రింప్ చేసి వాడటం మంచిది కాదు, కదిలిన కొద్దీ కాంటాక్టు వదులవుతుంది.

పరీక్షిస్తే 94 ఎంబీపీఎస్.

ఈ 94 అంకె కనిపిస్తే వెతకాల్సింది ఒక్కటే. 1 గిగాబిట్‌కి నాలుగు జంటలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 పిన్నులే చాలు, అంటే నారింజ, ఆకుపచ్చ జంటలు. మిగతా వాటిలో ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు కిక్కురుమనకుండా 100కి దిగి సర్దుకుంటాయి, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కేబుల్ టెస్టర్ పెడితే నాలుగో లైటు వెలగలేదు. పై జాక్‌లో నీలం తీగ గాడి పైనే కూర్చుంది, కత్తి దాని తొడుగుని కోయలేదు. తీగని ఒక సెంటీమీటరు ముందుకి లాగి మళ్లీ పంచ్ చేశాక 941. గిగాబిట్ లైను మీద డేటాకి అందే పూర్తి వేగం అదే.

ఎల్‌ఈడీ టెస్టర్లు వరస సరిగా ఉందా, తెగిందా అన్నది మాత్రమే చూపిస్తాయి. ఒక జంటలోది ఒకటి, ఇంకో జంటలోది ఒకటి కలిపి వేస్తే అన్ని లైట్లూ వరసగా వెలుగుతాయి గానీ లైను తప్పులతో ఈడుస్తుంది. అందుకే టెస్టర్ తర్వాత ఐపెర్ఫ్ కూడా.

రోజు 7, 8: షెడ్డుకి ఫైబర్

దూరం 24 మీటర్లు. క్యాట్ 6కి ఇది లెక్కలోకి రాని దూరం, 100 మీటర్ల దాకా పోతుంది. అయినా రాగి వేయలేదు. షెడ్డు ఎర్తింగు వేరు. రెండు ఎర్తింగుల మధ్య రాగి తీగ కలిపితే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు ఆ తేడా అంతా పోర్టుల మీదుగా పారుతుంది. గాజుపోగు కరెంటుని మోయదు.

సామాను: రెండు కొసలా కనెక్టర్ వేసి వచ్చే 30 మీటర్ల సింగిల్ మోడ్ ఫైబర్, జీ.657.ఏ2 రకం, మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగుని ఈథర్నెట్‌గా మార్చే పెట్టెలు) ఒక జత, 25 మిల్లీమీటర్ల పైపు. పోగు ఒకటే కాబట్టి కన్వర్టర్లు జంటగానే కొనాలి. ఒకటి 1310 నానోమీటర్లలో పంపి 1550లో వింటుంది, రెండోది దానికి తలకిందులు. ఒకే రకానివి రెండు తెస్తే రెండూ మాట్లాడతాయి, ఏదీ వినదు.

పైపు పాతేటప్పుడే లోపల నైలాన్ తాడు వేశాం. ఫైబర్‌ని కనెక్టర్ పట్టుకుని లాగకూడదు. తాడుని కనెక్టర్‌కి ఒక అడుగు వెనక తొడుగుకి కట్టి, టేపుతో సన్నగా చుట్టి లాగాలి. అదే ముడికి ఇంకో తాడు కూడా కట్టి పంపాం, రేపు ఇంకోటి లాగాలంటే పైపులో తాడు ఉంటుంది. ఏ2 రకం 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థపు వంపుని తట్టుకుంటుందని ప్రమాణం. అయినా ఎక్కడా 30కి తగ్గనివ్వలేదు.

ఇంటి కొసలో ఫైబర్ గోడ పెట్టె దాకా వచ్చింది. అక్కడి నుంచి కన్వర్టర్‌కి పాత ఇంటర్నెట్ లైను నుంచి మిగిలిన చిన్న ప్యాచ్ కార్డ్ తగిలిస్తే లింకు లైటు వెలిగి ఆరిపోవడం మొదలైంది. కార్డ్ కొన రంగు ఆకుపచ్చ, కన్వర్టర్ పోర్టు నీలం. ఆకుపచ్చ కొన 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, నీలం కొన తిన్నగా. రెండూ గుచ్చుకుంటాయి, కానీ గాజుకీ గాజుకీ మధ్య సందు మిగిలి వెలుగు పోతుంది. రెండు కొసలూ నీలమే ఉన్న కార్డ్ వేసి, కొసల్ని పొడి క్లీనర్‌తో తుడిచాక లైటు నిలిచింది. 941. పనిచేస్తున్న ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడకండి. ఆ వెలుగు కంటికి కనపడదు, కానీ కంటి లోపలికి వెళ్తుంది.

రోజు 9: యాక్సెస్ పాయింట్లు

తీగ మూడు గదులకీ చేరింది కాబట్టి ఇక వైఫై పని సులువు. మేడ గదిలో సీలింగ్‌కి పీఓఈ యాక్సెస్ పాయింట్ (తీగతో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పెట్టె). పీఓఈ ప్రమాణం 802.3ఏఎఫ్ సరిపోయింది, స్విచ్ (నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే పెట్టె) దగ్గర 15.4 వాట్లు, అవతల కొసలో 12.95. షెడ్డులో కూడా అదే మోడల్, కరెంటు అక్కడి సాకెట్ నుంచి ఇంజెక్టర్‌తో (నెట్‌వర్క్ కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే పెట్టె).

మూల గదికి మూల పడున్న పాత రౌటర్ చాలు. దాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చే వరస: ముందు ల్యాప్‌టాప్‌కి ఒక్కదానికే కలిపి ఐపీ 192.168.1.2కి మార్చాలి, తర్వాత డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపాలి, ఆ తర్వాతే ఇంటి నెట్‌వర్క్‌కి కలపాలి, అదీ లాన్ (ఇంటి వైపు) పోర్టుకి. వాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టుకి కలిపితే దాని వెనక వేరే నెట్‌వర్క్ తయారై ప్రింటర్ కనపడదు. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే ఇంకా చిరాకు: కొన్ని పరికరాలకి నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, రోజుకోలా మారుతుంది.

పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం అన్నిటికీ ఒకటే. ఛానెళ్లు వేరు: 2.4లో హాలుకి 1, మేడకి 6, మూల గదికి 11, దూరంగా ఉన్న షెడ్డుకి మళ్లీ 1. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటించలేదు. 5 గిగాహెర్ట్జ్‌లో 80. అందులో 52 నుంచి 144 దాకా ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. యాక్సెస్ పాయింట్ అక్కడ మొదలయ్యే ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి, రాడార్ తగిలితే ఉన్నపళంగా ఛానెల్ ఖాళీ చేయాలి. ఆన్ చేసిన నిమిషం దాకా 5 గిగాహెర్ట్జ్ కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు.

2.4 శక్తిని అన్నిచోట్లా తగ్గించాం. పూర్తి శక్తితో వదిలేస్తే ఫోన్ మేడ మీదికి వెళ్లాక కూడా హాల్లో రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, యాక్సెస్ పాయింట్ కాదు.

సాయంత్రం మొత్తం నెట్‌వర్క్ ఒక్కసారిగా ఆగిపోయింది. స్విచ్ మీద లైట్లన్నీ ఒకే తాళంలో చకచకా కొట్టుకుంటున్నాయి. అది లూపు గుర్తు. షెడ్డు యాక్సెస్ పాయింట్‌లో మెష్ అప్‌లింక్ (గాలి మీదే ఇంటి నెట్‌వర్క్‌కి కలిసే దారి) ఆన్‌లో ఉండిపోయింది. ఫైబర్ మీదా, గాలి మీదా రెండు దారులూ కలిసి ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. షెడ్డు లైను పీకగానే ఇల్లు తేరుకుంది. మెష్ అప్‌లింక్ ఆపి మళ్లీ గుచ్చాం. స్విచ్‌లో ఎస్‌టీపీ (లూపుని పట్టి ఆపే ఏర్పాటు) కూడా ఆన్ చేశాం, ఇది మొదటే చేయాల్సింది.

రోజు 10: మళ్లీ కొలతలు

అవే చోట్లు, అదే ల్యాప్‌టాప్, వైఫై మీదే.

మేడ గది: -47 డీబీఎం, రావడం 590, పోవడం 560.
మూల గది: -45 డీబీఎం, 380, 350. పాత రౌటర్ రేడియో అంతకు మించి ఇవ్వదు.
షెడ్డు: -50 డీబీఎం, 570, 540.

రాత్రంతా పింగ్ పెట్టి వదిలితే మూడింటిలోనూ ఒక్క ప్యాకెట్ పోలేదు. మెట్ల మలుపులో -70 ఉంది. అక్కడ కూర్చుని పనిచేసేవాళ్లు లేరు, వదిలేశాం.

సీలెంట్ ఇవాళే వేశాం. ప్రతి కేబుల్‌కి రెండు కొసలా లేబుల్ అంటించాం, స్ప్లిటర్ తీసేసిన ప్లేటు వెనక కూడా "బ్యారెల్ జాయింటు, మూల గది నుంచి హాలు" అని రాసి పెట్టాం. ఇంకా మిగిలిన పని కరెంటు పోయినప్పటిది. మోడెమ్, రౌటర్, పీఓఈ స్విచ్, ఇంటి వైపు కన్వర్టర్, హాల్లో మోకా అడాప్టర్ అయిదూ ఒకే యూపీఎస్ మీదికి రావాలి. వాటి కరెంటు అడాప్టర్లు కొన్ని 12 వోల్టులు, కొన్ని 5, స్విచ్‌ది 48, పిన్నులు చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. యూపీఎస్ వచ్చేలోగా ప్రతి పిన్నుకీ వోల్టేజీ రాసిన టేపు చుట్టాలి.